ముందు నడిచే గుర్రం

లోయ అంచున మూడడుగుల వెడల్పు దారిలో కంచరగాడిద నిలబడిపోయింది. దాని మీద, రుద్రవరం నుంచి జ్వాలా నరసింహుని దర్శనానికి వచ్చిన పెద్దామె. కళ్లెం పట్టుకుని ముందు నడుస్తున్న దాని యజమానీ ఆగిపోయాడు.

"ఏందప్పా, నిలబెట్టినావ్?"

"నేను నిలబెట్టలేదమ్మా. అదే నిలబడింది."

"అదిలించు."

"అదిలిస్తే అడుగు తప్పుతాది."

"పోయినేడు మా చెల్లెల్ని తెచ్చినావు కదా. అప్పుడు గునగునా నడిచిందంట!"

"అప్పుడు ముందర తెల్లగుర్రం ఉండె. యుద్ధం అయినాక పట్టాళమోళ్లు రెండింటినీ జతగా అమ్మినారు. ఆ ఆడగుర్రం ముందు పోతేనే ఇది ఎనక పోతాది. దానికి అదే అలవాటు."

"మరి గుర్రం యాడ?"

"ముసల్దయిందని మొన్న ఆత్మకూరు సంతలో అమ్మేస్తి. కింద ఊర్లో ఇది ఒంటిగానే బాగా తిరిగె. ఈడ ఇట్లా చేస్తాదనుకోల్యా."

"నన్ను దించు, నడుస్తా."

"యాడికి దించేదమ్మా? ఈపక్క బండ, ఆపక్క లోయ. నువ్వు కదిలితే అది బెదురుతాది."

"ఎవురినన్నా కేకెయ్యి."

"కేకకూ బెదురుతాది."

ఆమె రెండు చేతులతో జీను గట్టిగా పట్టుకుంది.

"అయితే ఏం చేద్దామప్పా?"

"గుర్రం ఎనకబడిందేమోనని అది ఎనక్కి తిరక్కుంటే సాలమ్మా. ఈడ తిరిగేంత జాగా ల్యా."

కంచరగాడిద చెవులు నిక్కించి, మెల్లగా మెడ వెనక్కి తిప్పింది.