పదకొండింటికి తీసిన తలుపు

రేవులో నన్ను అందరూ వాక్యం పెద్దాయన అంటారు. వయసు అరవై ఒకటి. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాది దేవుని గ్రంథం పట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. సాయంత్రాలు రేవు మెట్ల మీద నిలబడి ప్రసంగిస్తాను. పగలు మా కుటుంబం నడిపే చేపల హోటల్లో పని చేస్తాను. అది పూర్వం ఓడల సరుకు దించిన రాతి గోదాము. గోడలు రెండు మూరల మందం. కింద హోటల్, పై గదిలో నేను. యజమాని మా తమ్ముడు. వంట మా మరదలిది.

మా తాత పెట్టిన పద్ధతి ఒకటుంది. ఆ రోజు వచ్చిన ఆల్చిప్పలు వండగానే మొదటి పళ్లెం ఉదయం తొమ్మిదికి ఇంటి పెద్ద తినాలి. రెండు గంటలు ఆగాలి. పెదవులు తిమ్మిరెక్కకపోతే, కడుపులో తిప్పకపోతే, పదకొండింటికి ఆ పెద్దే వీధి తలుపు తీయాలి. విషం పట్టిన ఆల్చిప్పకు వాసన ఉండదు, రంగు మారదు. తలుపు తీశాడంటే తిన్నట్టే. నాన్న తర్వాత పంతొమ్మిదేళ్లుగా ఆ పని నాది.

ఆ రెండు గంటలూ తమ్ముడు నా ఎదురు కుర్చీలో కూర్చునేవాడు.

"ఉన్నావా, పోయావా?" అని పావుగంటకోసారి అడిగేవాడు.

"నువ్వు మారేదాకా పోనులేరా" అనేవాణ్ణి.

ఎనిమిది నెలల క్రితం హాల్లో ఒక విందు జరుగుతుంటే నేను ఆ బల్ల దగ్గర నిలబడి నరకాగ్ని గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. వాళ్లు పీతలు సగంలో వదిలేసి లేచిపోయారు. "వాళ్లొచ్చింది భోజనానికి, తీర్పుకు కాదు. ఇక నాతో మాట్లాడకు" అన్నాడు తమ్ముడు. అన్న మాట మీద నిలబడ్డాడు. ఎదురు కుర్చీ నేను రోజూ తుడుస్తాను. ఎవరూ కూర్చోరు. రోజూ తుడుస్తాను.

వాడు తిరిగి నాతో మాట్లాడాలని సోమవారం నుంచి మూడు రోజులు ఉపవాసం పట్టాను. ఉపవాసాన్ని నలుగురిలో చాటుకునేవాళ్లను మెట్ల మీద ఎన్నోసార్లు దులిపేశాను. అందుకని ఎవరికీ చెప్పలేదు. సోమవారం పళ్లెం వెనక గుమ్మంలోంచి నీళ్లలో పారబోశాను. తలుపు తీశాను. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను.

ఇవాళ మంగళవారం, అలాగే చేశాను. "బావగారూ, ఉప్పు సరిపోయిందా?" అని మరదలు పొయ్యి దగ్గర్నుంచి అడిగింది. ఖాళీ పళ్లెం నా చేతిలో ఉంది. "సరిపోయిందమ్మా" అన్నాను. అబద్ధమాడే నోళ్లు మండుతాయని గొంతు చించుకున్నవాణ్ణి నేనే. పదకొండింటికి తలుపు తీశాను.

ఒంటిగంటన్నరకు కిటికీ పక్క బల్ల దగ్గర ఒకాయన పెదవులు మొద్దుబారాయన్నాడు. మూడింటిలోగా పదకొండు మందిని ఆస్పత్రికి చేర్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ ఇప్పటికీ గొట్టంతోనే ఊపిరి పీలుస్తున్నారు. నాలుగింటికి తమ్ముణ్ణి ఈ పోలీసు స్టేషనుకు తెచ్చారు.

వాడు మీకేం చెప్పాడో నాకు తెలుసు. మా అన్నయ్య అదే కుండలోవి తిన్నాడు, ఆయనకేమీ కాలేదు, కాబట్టి తప్పు ఆల్చిప్పలది కాదు అన్నాడు. వాడికున్న ఆధారం అదొక్కటే. నేను నోరు మెదపకపోతే అది నిలుస్తుంది. అది నిలిస్తే డాక్టర్లు ఆవిడ ఒంట్లో ఇంకేదో వెతుకుతూ కూర్చుంటారు.

గ్రంథం ఒళ్లో పెట్టుకుని మీ వరండాలో గంటన్నర కూర్చున్నాను. తెరవలేదు. ఆరున్నరకు తమ్ముణ్ణి అటుగా తీసుకొచ్చారు. వాడు నా దగ్గర ఆగాడు. ఎనిమిది నెలల తర్వాత మాట్లాడాడు.

"నువ్వు తిన్నావు కదా అన్నయ్యా. ఆ ఒక్క ముక్క చెప్పు చాలు."

నేను తింటానో లేదో అన్న అనుమానం వాడికి ఈ ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా రాలేదు. లేచి లోపలికి, మీ దగ్గరికి వచ్చాను. ఇక్కడ రాసుకోండి. తినలేదు. తలుపు తీసింది నేను. ఆ సంగతి తమ్ముడికీ తెలియదు, మరదలికీ తెలియదు.

అధికారి గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇందులో మార్చవలసిన మాట లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

(సంతకం)
మంగళవారం, సాయంత్రం 7.10