పిపెట్టు ఎంగిలి

పి.యు.సి. చదివే కూతురికి తెల్లారితే కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. బందరులో, వంటింట్లో అన్నం వడ్డిస్తున్న తల్లి గరిటె ఆపి అడిగింది.

“యాసిడ్ నోటితో పీలుస్తారటగా? పేగులు కాలిపోవూ?”

“యాసిడ్ బ్యూరెట్టులో పోస్తామమ్మా! పిపెట్టు అనే గాజు గొట్టంతో పీల్చేది బట్టల సోడా కలిపిన నీళ్లు. రంగు మారేదాకా అందులోకి యాసిడ్ చుక్కచుక్కగా వదలడమే.”

“ఆ పిపెట్టు నీ ఒక్కదానిదేనా?”

“ఉన్నవే నాలుగు. అందరూ పీల్చాల్సిందే. నీళ్లతో కడుగుతాంలే!”

“ప్రభువా, అందరి ఎంగిలే! అందులో ఎవరికి క్షయ ఉందో! రేపు నేనూ వచ్చి బూడిదతో తోమిస్తాను.”

“బూడిదలో క్షారం ఉంటుందమ్మా! అది అంటితే కొలత తప్పి పరీక్ష పోతుంది.”

“పరీక్ష పోతే సెప్టెంబరులో మళ్లీ రాస్తావు. ఊపిరితిత్తులు పోతే ఏ సెప్టెంబరులో తెచ్చుకుంటావే?”