లోపల వదిలిన గుడ్డ

"మళ్లీ ఈ జెర్సీయేనా, చెల్లెమ్మా? రెండు నెలల్లో మూడోసారి!" దర్జీ కళ్లజోడు పైకి నెట్టుకుంటూ నవ్వాడు.

"ఇంకో రెండంగుళాలు బిగించు, అన్నయ్యా. మావాడికి భుజాల మీంచి జారిపోతోంది."

"ఇప్పటి ఫ్యాషనే అది! ఆటగాళ్లంతా గోనెసంచులు తొడుక్కున్నట్టుంటారు. మొన్నొచ్చిన సినిమాలో హీరో చొక్కాలో ఇద్దరు దూరొచ్చు. చూశారా?"

"ఇంటర్వెల్ దాకా చూశాం. వాడు కూర్చోలేకపోయాడు."

"పిల్లలకి కాలు ఒకచోట నిలుస్తుందా! పోనీలే, రెండో భాగం వచ్చే ఏడాదట. అది పూర్తిగా చూపిద్దువుగాని."

ఆమె జెర్సీని బల్ల మీద పరిచింది. దర్జీ ఎప్పటిలాగే గుడ్డ లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చాడు.

"ఈసారీ కత్తిరించనులే. ఎదిగే పిల్లాడు. రేపు కాస్త ఒళ్లు చేస్తే కుట్లు విప్పుకుంటే సరి."

"వద్దు. కత్తిరించెయ్యి."

"అదేంటమ్మా! పదమూడేళ్లవాడి బట్టకి ఎవరైనా..."

"నువ్వు వదిలిన ఆ మడతే, అన్నయ్యా, పక్కటెముకలకి ఒరుసుకుంటోంది. మంచం మీద అటూ ఇటూ తిప్పినప్పుడల్లా ఏడుస్తున్నాడు."

దర్జీ సూదులు ఒక్కొక్కటే తీసేశాడు. ముప్ఫై ఏళ్లుగా పిల్లల బట్టల్లో లోపలి మడత ఒక్క అంగుళం కూడా కోయని చేత్తో కత్తెర అందుకున్నాడు.

"సాయంత్రానికి ఇంటికి తెచ్చివ్వనా, తల్లీ?"

"ఇక్కడే కూర్చుంటాను. మధ్యాహ్నం టీవీలో మ్యాచుంది. ఇదైనా చివరిదాకా చూస్తానంటున్నాడు."