మోకాలి సూది

నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖాన వరండా. బెంచీ మీద ఆండాళు, పక్కన కోడలు మానస.

"...గందుకే నువ్వు బ్యాంకుల చేస్తవని చెప్పిన."

"బ్యాంకులనా? అత్తమ్మా, నేను ల్యాబుల రీసెర్చ్ చేస్తున్న."

"మరేం జెప్పమంటవు? మా కోడలు ఎలుకలకు గడ్డలు పెంచుతదని జెప్పాల్నా? వాడకట్టు వాడకట్టంత నవ్వుతది."

"పెంచుడు గాదు. ఎట్ల పెరుగుతయో చూసుడు."

"నువ్వు చూస్తాంటె పెరుగుతయి గద? అదే."

"సరే, బ్యాంకే. ఇగ లే, ఇంటికి పోదాం. గీ మూలకణాల సూది నీకొద్దు."

"ఎందుకొద్దు? నా పొట్టల కొవ్వు తీసి, అండ్లకెల్లే ఆ కణాలు తీస్తరంట. ఇన్నేండ్లకు నా పొట్ట అక్కరకొస్తాంటె నీకేం బాధ?"

"ఏ మోకాలు నొస్తాంది?"

"కుడిది."

"బస్సుల ఎడమది అన్నవు."

"బస్సుల ఎడమదే. దిగినంక కుడిది."

"అత్తమ్మా, నువ్వు పొద్దందాక మగ్గం చీరెలకు ఆసు పోస్తవు. దారం ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు తిప్పి తిప్పి మన వాడల ఆడోళ్లందరికి భుజం పోతది. నీకొక్కదానికే మోకాలెట్ల పోయింది?"

"నా నొప్పి, నా ఇష్టం."

"భుజం నొస్తలేదా?"

"భుజం ముచ్చట తియ్యకు! నువ్వు చదివిందేందో జెప్పు. ఆ కణాలు ఏంజేస్తయి?"

"అవి ఇంకా ఏ పనీ నేర్వనోళ్ల లెక్క. ఏ ఇంట్ల కూసుంటే ఆ ఇంటి పని పట్టుకుంటయి."

"మంచిదే గద."

"మోకాట్లనే ఉంటే మంచిదే. ఉంటయని ఎవలు జెప్పాలె? కొన్ని నెత్తురుల వడి తిరుగుతయి."

"తిరుగుతయా! పైకి గూడ వస్తయా?"

"రావచ్చు."

"నడుము దాటి?"

"ఏడ పుండున్నదనిపిస్తే ఆడికి పోతయి."

"అగో! వీళ్లు పంచిన కాగితంల గదే ఉన్నది. ఒంట్ల ఏడ చెడితే ఆడికి పోయి బాగుజేస్తయంట. మరి నువ్వేందే, లేచి పోదామంటవు?"

"ముష్కిల్ ఆడనే ఉన్నది. ఒంట్ల గడ్డ ఉన్నదనుకో. మానని పుండనుకొని దాని దగ్గరికే పోతయి. పోయి దానికే చాకిరి చేస్తయి. కొత్త రక్తనాళాలను పిలుస్తయి."

"అవెందుకు?"

"గడ్డ పెరగాలంటే దానికి నెత్తురు గావాలె. ఆ నాళాలు పైపుల లెక్క వచ్చి..."

"గడ్డకు నల్లా పెట్టిస్తయా?"

"పెట్టిస్తయి. మా ఎలుకలల్ల చూసినం. అన్నిసార్లు గాదు, గానీ చూసినం."

"మనింటికి నల్లా పెట్టిచ్చెతందుకు మీ మామ చెప్పులరిగేటట్టు తిరిగిండు! దానికి అడగకముందే పెడ్తయా?"

"గడ్డ గూడ అడుగుతది అత్తమ్మా."

"నోరున్నదా దానికి?"

"ఉన్నట్టే."

"మెత్తగున్నదానికా? గట్టిదానికా?"

"ఏంది?"

"ఊకెనే. ఎలుకలయి ఎట్లుంటయో అని."

"ఎలుకల సంగతి ఇడిసిపెట్టు. నీకేం గడ్డ లేదు గద?"

"అగో, లోపటికి పిలుస్తున్నరు."

"అత్తమ్మా."

"ఆండాళు అంటున్నరు. నేనే."

"నా దిక్కు చూడు."

"నాకు మోకాళ్లు నొస్తలేవు."

"ఏందీ?"

"రెండూ మంచిగనే ఉన్నయి. భుజం అంటే డాక్టరు చెయ్యి లేపుమంటడు. లేపితే కండ్లబడ్తది. గందుకే దానికి దూరమున్న జాగా జెప్పిన. సూది కింద ఏస్తే, అవే తిరుక్కుంట తిరుక్కుంట ఎవ్వలికి తెల్వకుంట పైకొచ్చి కరగ్గొడ్తయనుకున్న."

"ఎప్పటి సంది అత్తమ్మా?"

"గిప్పుడు నవ్వకు, ఏడ్వకు. రెండూ ఇంటికి పోయినంక చెయ్యి."

"నవ్వుతలేను. గడ్డలన్నీ ఒక్కతీరు గావు. మంచి డాక్టరుకు చూపిస్తే..."

"మళ్ల పిలుస్తున్నరు. ఆండాళు ఎల్లిపోయిందని జెప్పు."

"చెప్త. ముందుగాల నువ్వు..."

"జర ఇటు అడ్డం కూసో. ఎవలు చూస్తలేరు గద? చెయ్యి ఇటియ్యి. కొంగు కిందికెల్లి... ఇంకొంచెం పైకి, చంక దగ్గర... ఆఁ, గదే. మెల్లగ పట్టు మానసా. నిద్రవోతాందేమో, లేపకు."