వణుకు ఎక్కణ్ణుంచి వచ్చింది

లైట్లు తగ్గించిన స్కానింగు గది. కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే మనిషి బల్ల మీద పడుకుని ఉన్నాడు. తల దగ్గర డాక్టరమ్మ, కాళ్ళ దగ్గర అతని భార్య.

“ఛీ, ఏమిటిది? చెవిలోకి కారుతోంది. చీమిడిలా ఉంది.”

“జెల్లు అండీ. కదలకండి. కణత దగ్గర ఎముక పల్చన, అక్కణ్ణుంచే మెదడు కనబడేది.”

“నోట్లోంచి కారేదానికి లేని రోత దీనికొచ్చిందా? రోజుకు మూడు తువ్వాళ్ళు ఉతుకుతున్నాను డాక్టరుగారూ. ఆ చొంగ వాసనకి నాకు ముద్ద దిగదు.”

“నువ్వు నోరు ముయ్యి. నిన్నడిగారా?”

“చేతులు ఎప్పట్నుంచి వణుకుతున్నాయి?”

“ఏడాదయింది డాక్టరమ్మా. రాగి తీగ చుడుతుంటే చుట్టు మీద చుట్టు ఎక్కేస్తోంది. మోటారు తెచ్చినవాడు నా చేతులు చూసి మళ్ళీ పట్టుకుపోతున్నాడు. తాగానంటారు, వెధవలు. మొహాన ఉమ్మెయ్యాలనిపిస్తుంది.”

“ముందు ఏ చెయ్యి?”

“రెండూ ఒకేసారి.”

“ఊఁ. ఇదిగో, తెర మీద సీతాకోకచిలుకలా ఉన్నది మెదడు నడిమి భాగం, చూశారా? మీరు భయపడుతున్న వణుకుడు జబ్బే అయితే, చాలామందికి రెండు రెక్కల్లోనూ ఈ చోట తెల్లగా మెరుస్తుంది. మీకు మెరవడం లేదు.”

“అయితే జబ్బు లేనట్టేనా?”

“ఈ బొమ్మ ఒక్కటే చూసి తేల్చను. కొన్ని మందుల వల్ల కూడా ఇలాగే వణుకుతుంది. నిద్రకి గానీ, మనసు కుదుటపడ్డానికి గానీ ఏమైనా వాడుతున్నారా?”

“నేనా? తలనొప్పికి కూడా మాత్ర మింగను.”

“మింగరు. మాత్రలేవీ మింగరు.”

“మీ ఇంట్లో ఇంకెవరికైనా మందులున్నాయా అమ్మా?”

“మా అత్తగారికి ఉండేవి. ఆవిడ పోయారుగా.”

“ఏం మందులు?”

“ఏవో. పోయినావిడ సంగతి ఇప్పుడెందుకండీ?”

“మా అమ్మకి ఆఖర్న మతి చలించింది డాక్టరమ్మా. అరుపులు అణగడానికి చుక్కల మందిచ్చారు. ఇదే దగ్గరుండి పోసేది.”

“సరే. మీరు లేచి బయట కుళాయి దగ్గర మొహం కడుక్కోండి. మెల్లగా. తలుపు వేసి వెళ్ళండి... ఇప్పుడు చెప్పమ్మా. ఆ సీసా ఏమైంది?”

“అయిపోయింది.”

“ఎప్పుడు?”

“ఏ సీసా అని చెప్పను? పాత చీటీ చూపిస్తే మందుల షాపువాడు ఇస్తూనే ఉన్నాడు. ఆయన టీలో వేస్తే రుచి తెలీదు.”

“ఏడాదిగానా? మనిషికి చెప్పకుండా? అసహ్యం వెయ్యలేదూ నీకు?”

“వేసింది. కలిపిన ప్రతిసారీ నా చెయ్యి చూస్తే నాకే రోత.”

“ఇక నేను చెప్పినట్టు తగ్గిస్తూ ఆపెయ్యాలి. కొన్ని నెలల్లో ఆ చేతులు మామూలుగా అయ్యే అవకాశం ఎక్కువ.”

“అవుతాయనే నా భయం.”

“భయమేమిటి?”

“ఇప్పుడైతే కొట్టబోయినా గురి తప్పుతోంది డాక్టరుగారూ.”