ఉండొచ్చు రంగు సముద్రం

"సముద్రం తీసెయ్యాలి."

"ఏ సముద్రం?"

"నువ్వు వేసిందే. ఆ గ్రహం మీద."

"బాగుంది వదినా. వెయ్యమన్నదీ నువ్వే, తీసెయ్యమన్నదీ నువ్వే. తాగెయ్యడానికి నేనేమన్నా అగస్త్యుడినా?"

వదిన అబ్జర్వేటరీలో నక్షత్రాల లెక్కలు చూస్తుంది, మరదలు ఆ అబ్జర్వేటరీకే గ్రహాల బొమ్మలు వేస్తుంది. ఇద్దరూ మరదలి గదిలో రంగు డబ్బాల మధ్య కూర్చున్నారు, వదిన కుదురుగా కూర్చుందని మాత్రం చెప్పలేం.

"నేను వెయ్యమన్లేదు. నీళ్లు ఉండొచ్చు అన్నానంతే."

"ఉండొచ్చుకి ఏ రంగు వెయ్యను? నీలం దొరుకుతుంది, ఆకుపచ్చ దొరుకుతుంది. ఉండొచ్చు రంగు ఏ కొట్లోనూ లేదు. అందుకే మా బకెట్టు చూసి నీలం కొట్టాను."

"బకెట్టా?"

"స్నానాల గదిలో బకెట్టు. మరి నువ్వు చూశావా ఆ గ్రహాన్ని?"

"ఎవరూ చూళ్లేదు. నక్షత్రానికి అడ్డమొచ్చినప్పుడల్లా వెలుగు కాస్త తగ్గుతుంది. అదే ఆధారం."

"అంటే గుమ్మంలో నీడ పడిందని ముహూర్తం పెట్టేశారన్నమాట, పిల్లని చూడకుండానే."

"ఎగతాళి చాలు. ఆ ఎర్ర నక్షత్రం చిన్నదే గానీ, తిక్క రేగితే మంటలు కక్కుతుంది. ఇది దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతోంది. నా కొత్త లెక్క ప్రకారం గాలంతా ఎప్పుడో ఊడ్చుకుపోయింది. గాలి లేందే నీళ్లెక్కడ నిలుస్తాయి? ఉత్త బండరాయి."

"మనుషులు బతకదగ్గ గ్రహం, పక్కింట్లో ఉన్నట్టే అని ఊరంతా చాటావు! మా అమ్మ అప్పుడే అక్కడ స్థలం చూడమంది, నీకు దూరంగా ఉండొచ్చని."

"నవ్వు, నవ్వు. రేపు పొద్దున్నే పేపర్ల వాళ్లొస్తున్నారు. ఆ బొమ్మ ముందు నిలబడి నీళ్లున్నాయని నా నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుంది."

"లేవని డైరెక్టరుకి చెప్పలేకపోయావా?"

"ముందు బొమ్మ మార్చు."

"చెప్పావా లేదా?"

"ఆయన దాన్ని హాల్లో గోడంత చేసి తగిలించాడు. మూలనున్న ద్వీపానికి తన పేరు కూడా పెట్టుకున్నాడు."

"ఏ ద్వీపం? నేను ద్వీపం వెయ్యలేదే. ఆగాగు... ఆ గోధుమరంగుదా? అది టీ చుక్క వదినా."

"తెలుసు. ఆ టీ ఒలకబోసింది నేనే."

"ఆ సంగతీ చెప్పలేదా ఆయనకి?"

"పేరు పెట్టేసుకున్నాక ఎలా చెప్పను?"

"నాకు భయమేస్తోందే వదినా. నవ్వులాటకి అన్నాను గానీ... సరే, సాయంత్రానికల్లా ఇంకో బొమ్మ వేసి బండరాయి చేసిస్తాను. కానీ ఒక్కటి నిజం చెప్పు. నీ లెక్క ఆయనకి చూపించావా అసలు?"

"చూపించాను. ఒకసారి కాదు, మూడుసార్లు."

"చూసి?"

"లెక్క తప్పన్నాడు. నీ బొమ్మతో కలవట్లేదట."