బొడ్రాయికి మొదటి బిందె

బుచ్చవ్వను తెల్లారేలోపు ఊరు విడిచి పొమ్మన్నరంట. ఎవరంటరా? ఇంకెవరు, అంతిరెడ్డి పటేలు, మాల్‌రెడ్డి పటేలు. ఈ ఇద్దరికి ఏ మాట మీదా పొత్తు కుదరదు. తుంగెనపల్లిల అడవి కొట్టి ఊరు పెట్టింది మా ముత్తాత అని ఈయన, కాదు మా ముత్తాత అని ఆయన. ఆ ముత్తాతలను చూసినోడు ఒక్కడు లేడు, వాళ్ల కోసం కొట్టుకునేటోళ్లు మాత్రం ఊరినిండ. అసొంటోళ్లు బుచ్చవ్వ దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములైపోయిన్రు చూడుండ్రి! ఊరి నడుమ బొడ్రాయి తల్లిని మళ్ల నిలబెడుతున్నం, ఆ పొద్దు పరాయి మనిషి పొలిమేర లోపల ఉండొద్దు, పైగా పందిరికి నీ గుడిసె జాగ కావాలె, పీకేస్తం అన్నరంట. 'నేను పరాయిదాన్నెట్లయిత పటేలా? కరువుల పెనిమిటి ఎంట ఈడికొచ్చిన, ఆయన్ని ఈ మట్టిలనే పెట్టిన. మీ ఇండ్లల్ల తట్టా బుట్టా అన్నీ నేనల్లినయే' అన్నది. 'బుట్టలు ఊరివే, నువ్వే కాదు' అన్నడంట మాల్‌రెడ్డి. ఎంత ధర్మాత్ముడో!

సరే, పోత అనుకున్నది. పోనిస్తే కద! తల్లికి నైవేద్యం పెట్టే గంప మూరెడు వెడల్పు అల్లుమని అంతిరెడ్డి చెప్పిండు. నాది జానెడు ఎక్కువుండాలె అని మాల్‌రెడ్డి. అది విని, 'ఏమే బుచ్చీ, వానిది నాకంటె పెద్దగుంటదా?' అని మళ్ల అంతిరెడ్డి. విప్పె, అల్లె, మళ్ల విప్పె, మళ్ల అల్లె. తెల్లారిపాయె. గంపలు దర్వాజల పట్టనంత అయినయనుకో.

ఇగ ఏమైందంటే, బొడ్రాయికి మొదటి బిందె పోసినోళ్లదే ఊరని ఓ లెక్క. బాయినీళ్లకంటె పారేనీళ్లయితే పుణ్యమెక్కువని, ఎవరికీ చెప్పకుండ అంతిరెడ్డి పొలిమేర దాటి వాగుకు పోయిండు. ఆడ మాల్‌రెడ్డి ముందే ఉన్నడు! 'ముందు నేను ముంచుత.' 'పోరా, ఈ వాగుల మొదలు దూప తీర్చుకున్నది మా ముత్తాత.' బిందెలు సొట్టలు పడ్డయి గని నీళ్లు నిండలే. ముహూర్తం వాళ్లకోసం ఆగుతదా? పూజచేసే బైండ్లాయన డప్పులతోటి ఊరు చుట్టు తిరిగి, పొలి మెతుకులు చల్లి, పొలిమేర కట్టేసిండు. కట్టు పడ్డంక మర్నాడు పొద్దుపొడిచేదాక లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు.

అప్పుడే నెత్తిన మూటతోటి లోపలి నుంచి పొలిమేర కాడికి వచ్చింది బుచ్చవ్వ. 'ఆగవ్వా, కట్టు పడ్డది' అన్నడు బైండ్లాయన. అవతల్నుంచి పటేళ్లు ఉరుక్కుంట వచ్చిన్రు. 'తొలుగు, మేం ఊరి పెద్దలం!' 'దండం పటేలా. లోపలున్నోళ్లు ఊరోళ్లు, బయటున్నోళ్లు పరాయోళ్లు. మీరు చెప్పిన మాటే.'

మరి మొదటి బిందె? అంతిరెడ్డి మనిషి ఎత్తితే మాల్‌రెడ్డి మనిషి చెయ్యి పట్టె, వాడు ఎత్తితే వీడు పట్టె. ఏ పక్కా లేనిది ఒక్క బుచ్చవ్వే. 'నువ్వే పొయ్యవ్వా' అన్నరు అందరు. మూట దించింది, బాయినీళ్లే చేదింది. 'తల్లీ, ఉండుమన్నా పొమ్మన్నా నువ్వే అనాలె' అని పోసింది. ఇగ ఆ గుడిసె మీద చెయ్యేసే మొగోడెవడు?

ఇప్పుడు పోయి అడుగుండ్రి. బుచ్చవ్వను పిలిచి గుడిసె ఏసిచ్చింది మా తాతే అంటరు అంతిరెడ్డి మనుమలు, కాదు మా తాతే అంటరు మాల్‌రెడ్డి మనుమలు. తల్లి నడుమ కూసొని ఇద్దరియీ వింటనే ఉంటది. ఆమె రాయి కాబట్టి నవ్వకుండ ఊకుంటది. నవ్వకుండ ఉండుడు నాతోని కాదు, తల్లీ, తప్పయితే మన్నించు.